సారలమ్మ పక్కన పెట్టిన వీడియోలు

సారలమ్మది ములుగు దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ ఫస్ట్ క్లాసులో పాసైన ఏడాదే పెళ్ళయింది. భర్త హన్మయ్యకు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, ప్లాస్టిక్ డబ్బాలు పోసే ఫ్యాక్టరీలో పని. హన్మకొండ బస్సు దిగి ఉప్పల్ రింగు రోడ్డు మీద మొదటిసారి నిలబడ్డప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్ళు. ఇప్పుడు నలభై నాలుగు.

ఈ పాతికేళ్ళూ ఒకే ఆసుపత్రిలో గడిచాయి. నాచారం మెయిన్ రోడ్డు నుంచి మల్లాపూర్ వైపు తిరిగే చోట ఉన్న యాభై పడకల ఆసుపత్రి అది. ముందు ఆయాగా చేరింది. ఆపరేషన్ థియేటర్ నేల తుడుస్తూ తుడుస్తూనే అక్కడి పనిముట్ల పేర్లన్నీ నేర్చేసుకుంది. అది గమనించిన అప్పటి పెద్ద నర్సమ్మ పట్టుబట్టి ఆమెను పారామెడికల్ డిప్లొమాలో చేర్పించింది. రెండేళ్ళపాటు పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి డ్యూటీ. అలా అనస్థీషియా టెక్నీషియన్ అయింది.

ఆ పనేమిటో చాలామందికి తెలియదు. పెద్ద ఆపరేషన్లకు మత్తిచ్చాక మనిషి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. మత్తు డాక్టరు రోగి నోట్లోంచి శ్వాసనాళంలోకి ట్యూబు వేసి, దానిగుండా గాలి ఆడించాలి. లారింగోస్కోపు అనే ఉక్కు పనిముట్టుతో నాలుకను పక్కకెత్తి, దాని చివరి చిన్న లైటు వెలుతుర్లో లోపలికి తొంగిచూస్తే, స్వరతంతువులు రెండు తెల్లటి గీతల్లా కనిపిస్తాయి. ట్యూబు ఆ రెంటి మధ్య నుంచి పోవాలి. దానికి ఆనుకుని వెనకే ఆహారనాళం ఉంటుంది. పొరపాటున అందులోకి పోతే గాలి పొట్టలోకి పోతుంది. ఆ పొరపాటు దిద్దుకోవడానికి దొరికేది కొద్ది నిమిషాలు. సరైన సైజు ట్యూబు అందించడం, గొంతులో చేరిన తేమను పైపుతో లాగేయడం, డాక్టరు అడిగినప్పుడు మెడ మీద సరైన చోట సరైనంత నొక్కడం సారలమ్మ పని.

"సారలమ్మ నొక్కితే ఎంత కష్టమైన గొంతైనా దారి చూపిస్తుంది" అనేది డాక్టర్ ఉమ. ఆవిడ రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మత్తు డాక్టరు. రోజూ మూడు ఆసుపత్రులు తిరిగేది. వారానికి రెండు రోజులు ఒక మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పేది.

ఐదేళ్ళ కిందట గంగాధరరావు అనే పెద్దాయన హెర్నియా ఆపరేషన్‌కు వచ్చాడు. మత్తులోంచి లేచాక ముందు పన్ను సగం విరిగి ఉంది.

"మీ దవడ వెనక్కి ఉందండీ, మెడ బిగుసుగా ఉంది. మూడోసారికి గానీ ట్యూబు పడలేదు. పన్ను మా చేతుల్లోనే విరిగింది. క్షమించండి" అని డాక్టర్ ఉమ దాచకుండా చెప్పింది.

ఆయన గొడవ పెట్టుకుంటాడనే సారలమ్మ అనుకుంది. ఆయన మాత్రం, "లోపలికి దేంతో చూస్తారమ్మా?" అని అడిగాడు.

సారలమ్మ లారింగోస్కోపు తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏఎస్ రావు నగర్ పక్కనున్న ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన ఇంజనీరు ఆయన.

"ఇంత చిన్న లైటు పెట్టుకుని, ఇంత దూరం నుంచి ఒంటి కన్నుతో చూస్తారా? కెమెరా ఉన్నది రాలేదా?"

"వచ్చింది సార్. పెద్ద దవాఖానల్ల ఉంటది. లక్షలల్ల ధర. మా అసొంటోళ్ళకు యాడ కొంటరు?"

మూడు వారాల తర్వాత కుట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఒక సంచి ఉంది. అందులో ప్లాస్టిక్‌తో ప్రింట్ చేయించిన, నాలుకనెత్తే వంకీ బ్లేడు, దాని చివర సింకు పైపులో చెత్త ఎక్కడ అడ్డుపడిందో చూడ్డానికి ప్లంబర్లు వాడే సన్న కెమెరా. దాని వైరు ఫోనుకు తగిలిస్తే స్క్రీను మీద బొమ్మ వచ్చింది. డాక్టర్ ఉమ నవ్వుతూ దాన్ని శిక్షణ బొమ్మ నోట్లో పెట్టి చూసింది. స్వరతంతువులు అరచేతిలో పెట్టినట్టు కనబడేసరికి నవ్వడం మానేసింది.

అక్కడి నుంచి మనుషుల మీద వాడడానికి ఏడాదిన్నర పట్టింది. పదకొండు బ్లేడ్లు విరిగాయి. గాజు మీద ఆవిరి పట్టకుండా ఏం చేయాలో సారలమ్మే చెప్పింది: వాడే ముందు రెండు నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచాలి. డాక్టర్ ఉమ తన మెడికల్ కాలేజీ ఎథిక్స్ కమిటీ దగ్గర అనుమతి తెచ్చింది. రోగులు సంతకం పెట్టాలి, ఆపరేషన్ థియేటర్లోనే వాడాలి, డాక్టర్ ఉమ ఎదురుగా ఉండాలి. ఇవీ షరతులు.

గంగాధరరావు మనవరాలు సాయి ప్రియ అప్పుడు ఇంజనీరింగ్ మూడో ఏడాది. తాతయ్య పరికరం చూసి, ఫోనే స్వరతంతువులను గుర్తుపట్టి చుట్టూ పచ్చ గీత గీస్తే ఎలా ఉంటుంది అని అడిగింది. మత్తు డాక్టరు అందుబాటులో లేని చిన్న ఆసుపత్రుల్లో, ఎప్పుడో గానీ ట్యూబు వేయని డ్యూటీ డాక్టర్లకు అది దారి చూపిస్తుంది. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌కు ఆ చూపు రావాలంటే వేల బొమ్మలు చూపించాలి. ప్రతి బొమ్మలోనూ స్వరతంతువులు ఎక్కడున్నాయో మనిషి చేత్తో గీసిపెట్టాలి.

ఇద్దరు మెడికల్ విద్యార్థులు ఆ పని మొదలుపెట్టారు. ఒకరోజు సారలమ్మ వాళ్ళ వెనక నిలబడి చూసి, "అది తంతువు గాదు బిడ్డా, ఉమ్మి మెరుస్తున్నది. తంతువు జర కింద ఉన్నది సూడు" అంది. డాక్టర్ ఉమ వచ్చి చూసి, ఆమె చెప్పిందే సరైనదంది. ఆ తర్వాతి ఆదివారం నుంచి సారలమ్మ రెండు ఆటోలు మారి ఏఎస్ రావు నగర్ వెళ్ళడం మొదలుపెట్టింది. మౌసు పట్టుకోవడం సాయి ప్రియే నేర్పింది.

ఆ ఆదివారాలు ఆమె జీవితంలోకెల్లా మంచి రోజులు. ఆసుపత్రిలో డాక్టర్ల కాఫీ గదిలోకి టెక్నీషియన్లు వెళ్ళరు. ఇక్కడ గంగాధరరావు భార్య ఆమెకు కుర్చీ వేసి, కాఫీ చేతికిచ్చేది. సాయి ప్రియ ప్రతిదీ ఆమెనే అడిగేది. "ఆంటీ, ఇది శ్వాసనాళమా, ఆహారనాళమా?" చూడగానే చెప్పేసేది సారలమ్మ. ఒకరోజు ఆ అమ్మాయి రాస్తున్న పరిశోధన పత్రం తెరిచి చూపించింది. పైన నాలుగు పేర్లు. నాలుగోది సారలమ్మ. దాన్ని ఫోనులో ఫొటో తీసుకుని, ఇంటికి వెళ్ళి హన్మయ్యకు చూపించింది.

ఆపరేషన్లప్పుడు ఆ కెమెరా తీసిన వీడియోలన్నీ శుభ్రంగా ఉండేవి కావు. కొన్నింట్లో రక్తం ఉండేది, కొన్నింట్లో వాంతి. కొన్నింట్లో ఆవిరి పట్టి అంతా తెల్లగా ఉండేది. డాక్టర్ ఉమ మొదటి రోజే చెప్పింది: "అర్థం కానివి పారేయకండి. అర్థం కాలేదని రాసి ఉంచండి. ఎప్పుడు చూపించకూడదో కూడా దానికి తెలియాలి."

కొన్నాళ్ళు అలాగే చేసింది. యంత్రం ఎన్నిసార్లు సరిగ్గా గీస్తోందో సాయి ప్రియ ప్రతి ఆదివారం లెక్క తీసేది. నూటికి ఎనభై, ఎనభై ఒకటి. అంతకు మించి కదలడం లేదు. డిసెంబరులో ఒక పెద్ద వైద్య సదస్సులో దాన్ని చూపించాలి. తొంభై దాటకపోతే ఎవరూ పట్టించుకోరని ఆ పిల్ల దిగులుపడేది. తినడం కూడా తగ్గించింది.

ఒక ఆదివారం ఇంట్లో అందరూ పెళ్ళికి వెళ్ళారు. సారలమ్మ ఒక్కతే కంప్యూటర్ ముందు కూర్చుంది. చెడ్డ వీడియోలన్నీ ఏరి వేరే ఫోల్డర్‌లో వేసి, దానికి 'పనికిరానివి' అని పేరు పెట్టింది. మొత్తం మూడు వందల పన్నెండు. మరుసటి వారం లెక్క తొంభై ఆరుకు లేచింది. సాయి ప్రియ వచ్చి ఆమెను కౌగిలించుకుంది.

"ఏం మ్యాజిక్ చేశారాంటీ?"

"మ్యాజిక్ ఏంది బిడ్డా, మంచిగ గీసిన" అంది సారలమ్మ.

ఆ అబద్ధం అంత తేలిగ్గా తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకు ఇప్పటికీ అర్థం కాదు. పిల్ల మొహం చూడలేక చేశానని చాలాకాలం తనకు తాను చెప్పుకుంది. తర్వాత, ఇది రాస్తున్న నాతో మాట్లాడుతున్నప్పుడు ఆ మాట కూడా పక్కన పెట్టింది. "పిల్ల కోసమే అయితే పిల్లకు జెప్పి చేద్దును. నా పేరు ఆ కాయితం మీద ఉండాలని చేసిన" అంది.

డిసెంబరు సదస్సులో అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాతి జులైలో, ఒక సోమవారం పొద్దున తొమ్మిదింటికి, వాన పడుతుండగా జగన్మోహన్‌ను తీసుకొచ్చారు.

అతనిది రామంతాపూర్. ట్రాలీ ఆటోలో ఇంటింటికీ గ్యాస్ సిలిండర్లు వేసేవాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. ఉప్పల్ దాటాక లారీ తగిలి ఆటో బోల్తా పడింది. తలకు దెబ్బ, దవడ పగిలి నోటినిండా రక్తం, స్పృహ లేదు. కింది అంతస్తు క్యాజువాలిటీలో ఉన్నది చేరి నాలుగు నెలలైన కుర్ర డ్యూటీ డాక్టరు. డాక్టర్ ఉమ వేరే ఆసుపత్రి నుంచి బయల్దేరింది, రావడానికి ఇరవై నిమిషాలు. ట్యూబులు పట్టుకుని రమ్మని పైన థియేటర్ నుంచి సారలమ్మను పిలిచారు.

కుర్ర డాక్టరు ఉక్కు స్కోపుతో ఒకసారి చూశాడు. రక్తం తప్ప ఏమీ కనబడలేదు. సారలమ్మ ట్రేలో కెమెరా బ్లేడు, దాని ఫోను కూడా ఉన్నాయి. కిందికి తేకూడదని ఆమెకు తెలుసు. డాక్టర్ ఉమ లేకుండా వాడకూడదనీ తెలుసు.

"సార్, ఇది పెట్టి సూడున్రి. ఇది దారి సూపిస్తది" అంది.

స్క్రీను మీద ఎర్రటి మడుగు. దాని మధ్యలో ఒక నల్లటి రంధ్రం. రంధ్రం చుట్టూ పచ్చ గీత పడింది. పక్కన, అది నూటికి ఎంత ఖాయమో చెప్పే అంకె తొంభై నాలుగు అని వచ్చింది. సారలమ్మ తెల్ల గీతల కోసం వెతికింది. కనబడలేదు.

"సార్... జర ఆగున్రి..."

"గ్రీన్ వచ్చింది కదమ్మా. ట్యూబ్ ఇవ్వండి."

ఆమె ఇచ్చింది. "నేను నేర్పినదే గదా అది, నాకు కనబడనిది దానికి కనబడిందేమో అనుకున్న" అని చెప్పింది నాకు.

ట్యూబు పడింది. గాలి కొట్టే బ్యాగు నొక్కారు. గాలి ఊపిరితిత్తుల్లోకే పోతోందో లేదో తేల్చి చెప్పే మానిటరు పైన థియేటర్లో ఉంది, కింద లేదు. డాక్టరు స్టెతస్కోపు పెట్టి విన్నాడు. బయట జనం అరుపులు, లోపల ట్రాలీల చప్పుడు. ఏదో వినబడిందనుకున్నాడు. ఆక్సిజన్ తొంభై నుంచి ఎనభైకి, ఎనభై నుంచి అరవై ఐదుకు జారింది. ఛాతీకి దెబ్బ తగిలి ఉంటుంది, ఎక్స్‌రే పిలవండి అన్నాడు. సారలమ్మ పేషెంటు పొట్ట వైపు చూసింది. బ్యాగు నొక్కినప్పుడల్లా పొట్ట లేస్తోంది.

"పొట్టలకు పోయింది సార్! తియ్యున్రి, తియ్యున్రి!" అని అరిచింది.

ట్యూబు తీసేశారు. మాస్కుతో గాలి కొట్టారు. ఆమె రక్తం లాగేసి, మెడ మీద వేళ్ళు పెట్టి నొక్కింది. "ఇప్పుడు సూడున్రి సార్, ఎడమ దిక్కు, జర పైన." కుర్ర డాక్టరు పాత ఉక్కు స్కోపుతోనే ఈసారి ట్యూబు సరిగ్గా వేశాడు. అంకెలు మెల్లగా పైకి లేచాయి. మొదటి ట్యూబు వేసినప్పటి నుంచి అప్పటికి ఐదు నిమిషాలు దాటింది. మరో పది నిమిషాలకు డాక్టర్ ఉమ వచ్చింది.

జగన్మోహన్ బతికాడు. పెద్ద ఆసుపత్రికి పంపితే అక్కడ తల ఆపరేషన్ చేశారు. నలభై రోజులకు ఇంటికొచ్చాడు. నడుస్తాడు, తింటాడు. కానీ ఇరవై ఏళ్ళు సిలిండర్లు మోసిన గల్లీల్లో తన ఇల్లెక్కడో తనకు తెలియదు. తల దెబ్బ వల్ల ఎంత, ఆక్సిజన్ అందక ఎంత అన్నది విడదీసి చెప్పలేమని మెదడు డాక్టర్లు అన్నారు. ఆసుపత్రిలో అందరూ యాక్సిడెంట్ వల్లే అనుకున్నారు. కెమెరా బ్లేడు కిందికి ఎలా వచ్చిందని డాక్టర్ ఉమ అడిగితే, కంగారులో ట్రేతో పాటు వచ్చిందని సారలమ్మ చెప్పింది. ఆ ఫోల్డర్ గురించి ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు.

హన్మయ్యకు మాత్రం చెప్పింది. అతను అన్నం ముందు నుంచి లేచి తలుపు దగ్గరికేసి వచ్చాడు.

"ఎవ్వలకన్న జెప్పినవా?"

"లేదు."

"జెప్పకు. నువ్వు జెప్తె ఆయన మంచిగైతడా? నీ నౌకరి పోతది, గంతే."

ఆ సోమవారం తర్వాత పంతొమ్మిది రోజులు ఇంకెవరికీ చెప్పలేదు. ఆ పంతొమ్మిది రోజులు కూడా తన తప్పుల్లోనే వేసుకుంటుంది ఆమె. ఇరవయ్యో రోజు ఆదివారం. ఏఎస్ రావు నగర్ వెళ్ళి, గంగాధరరావు ముందు, సాయి ప్రియ ముందు నిలబడే చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

సాయి ప్రియ కంప్యూటర్ తెరిచింది. ఫోల్డర్ అలాగే ఉంది. మూడు వందల పన్నెండు వీడియోలనూ యంత్రానికి చూపించింది. సగానికి పైగా వాటిలో అది తప్పు చోట పచ్చ గీత గీసింది. గీసిన ప్రతిసారీ తొంభై పైనే అంకె వేసింది. తెలియదని చెప్పడం దానికి ఎవరూ నేర్పలేదు.

"ఒక్క వారంలో పదిహేను పెరిగితే ఎందుకు పెరిగిందని అడగాలి కదాంటీ. నేను అడగలేదు. సంబరపడ్డాను" అంటూ ఏడ్చింది ఆ అమ్మాయి.

గంగాధరరావు, "ఫ్యాక్టరీలో ఇలాంటి పని నా కింద ఎవరైనా చేసి ఉంటే గేటు బయటికి పంపేవాణ్ణి. కానీ నేనూ ఆ ఫోల్డర్ చూశానమ్మా. పేరు చదివి వదిలేశాను" అన్నాడు. అప్పుడే డాక్టర్ ఉమకు ఫోన్ చేశాడు.

డాక్టర్ ఉమ అరవలేదు. "ఇన్నేళ్ళలో మీరు నాకు ఒక్కసారి కూడా తప్పు సైజు ట్యూబు అందించలేదు సారలమ్మా. ఇదెలా చేశారు?" అని మాత్రం అడిగింది.

జరిగిందంతా ఆవిడ ఎథిక్స్ కమిటీకి రాసి పంపింది. తాను లేనప్పుడు పరికరం తాళం లేని అల్మారాలో ఉండటం తన తప్పని కూడా రాసింది. జగన్మోహన్ కుటుంబానికి కమిటీ తరఫున విషయం చెప్పారు. పరిశోధన ఆపేశారు, పత్రం వెనక్కి తీసుకున్నారు. ఆసుపత్రివాళ్ళు సారలమ్మను థియేటర్ నుంచి తీసేసి, పనిముట్లు ఉడకబెట్టే గదిలో వేశారు. ఆ కుర్ర డాక్టరు ఉద్యోగం మానేసి ఊరెళ్ళిపోయాడు. అతని ఫోన్ నంబరుకు ఆమె చాలాసార్లు చేసింది. అతను ఎత్తలేదు.

జగన్మోహన్ ఇంటికి వెళ్ళొద్దని డాక్టర్ ఉమ చెప్పింది. వినలేదు. రామంతాపూర్ చెరువు వెనక గల్లీలో ఇల్లు కనుక్కుని వెళ్ళింది. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో జగన్మోహన్ కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"మీదే ఇంటి నంబరమ్మా? గ్యాస్ బండ బుక్ జేసిన్రా?"

అతని భార్య దుర్గాభవాని లోపల్నుంచి వచ్చింది. "ఎవ్వలొచ్చినా గదే అడుగుతడు. కూసో అక్కా" అంది, ఈమె ఎవరో తెలియక.

సారలమ్మ చెప్పింది. పేరు, పని, ఫోల్డర్, బ్లేడు తానే కిందికి తేవడం. అన్నీ వరసగా చెప్పింది. దుర్గాభవాని చేతిలో చీపురు ఉంది. దాన్ని పట్టుకునే వింది.

"వాళ్ళొచ్చి జెప్పినప్పుడు మిషన్‌ది తప్పన్నరు. మిషన్‌ను ఏం తిడ్త? లారోన్నే తిట్టుకుంట బతుకుతున్న. ఇప్పుడు నువ్వొచ్చి నీ మొకం సూపిస్తివి. ఇగ పొద్దుమాపు నిన్ను గూడ తిట్టుకోవాల్నా అక్కా? గీ పని నాకెందుకు పెట్టినవ్?"

"తప్పయింది చెల్లె..."

"నీకు పానం అల్కగైతదని వచ్చినవ్. అయిందా? పో."

సారలమ్మ లేచింది. గల్లీ చివరిదాకా జగన్మోహన్ గొంతు వినబడింది, ఎవరినో ఇంటి నంబరు అడుగుతూ.

ఎనిమిది నెలల తర్వాత పరిశోధన మళ్ళీ మొదలైంది. చెడ్డ వీడియోలన్నీ కలిపి నేర్పారు. లెక్క ఎనభై నాలుగు దగ్గర ఆగింది. ఇప్పుడు రక్తమో ఆవిరో అడ్డొస్తే అది పచ్చ గీత గీయదు. 'స్పష్టంగా లేదు' అని రాస్తుంది. ఊపిరి చూపే మానిటరు లేకుండా దాన్ని ఎక్కడా వాడకూడదని నియమం పెట్టారు. ఘట్‌కేసర్ దగ్గర, కమిటీ కొత్తగా అనుమతించిన ఒక చిన్న ఆసుపత్రిలో, గొంతు వాచి ఊపిరాడని ఒక ముసలమ్మకు దాంతోనే ట్యూబు వేయగలిగారని సాయి ప్రియ ఫోన్ చేసి చెప్పింది. సారలమ్మ మంచిదే బిడ్డా అని ఫోన్ పెట్టేసింది.

కొత్త పత్రంలో తన పేరు వేయొద్దని ఆమె అడిగింది. డాక్టర్ ఉమ ఒప్పుకోలేదు. "ఆ మూడు వందల పన్నెండు తీసేసింది ఎవరో చదివేవాళ్ళకు తెలియాలి. మీ పేరు ఉంటుంది, చేసింది కూడా ఉంటుంది" అంది. అలాగే అచ్చయింది. హన్మయ్యకు ఈసారి ఆమె చూపించలేదు.

ఆసుపత్రివాళ్ళు తిరిగి తీసుకోవడంతో ఇప్పుడు ఆమె మళ్ళీ థియేటర్లోనే పనిచేస్తోంది. డాక్టర్ ఉమ ట్యూబు అడిగితే అందిస్తుంది, నొక్కమంటే నొక్కుతుంది. మునుపటిలా ఇద్దరూ కబుర్లు చెప్పుకోరు. రామంతాపూర్‌కు ఆమె ఆ తర్వాత వెళ్ళలేదు. దుర్గాభవాని రమ్మని పిలవలేదు. పిలుస్తుందని సారలమ్మ అనుకోవడమూ లేదు.